గడ్డిమూట మీద గట్టిమేళం

ఆగిరిపల్లిలో దుర్గ అనే పేరున్న ఆడవాళ్ళు వీధికొకరు తగులుతారు. నిరుటి దాకా ఈ దుర్గని గుర్తు చెప్పాలంటే "మామిడికాయల షెడ్డులో ప్యాకింగు చేసే దుర్గ" అనేవాళ్ళు. ఇప్పుడు డోలు దుర్గ అంటున్నారు. పేరు మారడానికి ఒక్క పెళ్ళి చాలింది. ఆ పెళ్ళి దాకా రావడానికి మాత్రం ఆవిడ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మాట తక్కువ. భర్త సంతోష్ కుమార్ మామిడి లారీ నడుపుతాడు. సీజన్లో బండెక్కాడంటే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. కూతురు స్వాతి నూజివీడులో డిగ్రీ చదువుతోంది. తల్లి పోయిన దగ్గర్నుంచి తండ్రి వీరయ్య కూడా దుర్గ ఇంట్లోనే ఉంటున్నాడు. వీరయ్య ఇంట్లో ఉన్నాడంటే ఆయన డోలు కూడా ఉన్నట్టే. ఆ ఇంట్లో ఉన్న రెండు గదుల్లో ఒక మూల శాశ్వతంగా దానిదే.

వీరయ్య అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఆయన డోలు, వెంకటాచలపతి సన్నాయి, ఈ రెండూ కలిస్తే పెళ్ళివారు భోజనాలు మర్చిపోయి వినేవాళ్ళట. ఇది వీరయ్య చెప్పుకున్న మాట. భోజనాలు మర్చిపోవడం కొంచెం అబద్ధమే అనుకున్నా, వినడం మాత్రం నిజం.

దుర్గ ఆ డోలు పక్కనే పాకింది, నడిచింది. తండ్రి సాధన చేస్తుంటే ఎదురుగా పీట వేసుకుని దాని మీద దరువు వేసేది. ఆ పిల్ల చేతిలో లయ ఉందని ముందు కనిపెట్టింది వీరయ్యే. జతులు నోటితో చెప్పించి, తర్వాత చేత్తో పలికించి, మురిసిపోతూ నేర్పాడు. దుర్గకి ఓణీ వేసిన ఏడాది ఆ పాఠం ఆగిపోయింది. ఆడపిల్ల డోలు భుజాన వేసుకుని పెళ్ళి ఊరేగింపులో నడుస్తుందా అన్నది ఊళ్ళో వాళ్ళు కాదు, వీరయ్యే. నేర్పినవాడే మాన్పించాడు. దుర్గ ఎదురు చెప్పలేదు. పొలం పనికి, తోట పనికి, తర్వాత షెడ్డు పనికి వెళ్ళింది. చిన్నరసాలూ బంగినపల్లులూ ట్రేలలో సర్దుతూ ఉంటే, ఖాళీ దొరికినప్పుడల్లా ఆవిడ వేళ్ళు ట్రే అంచు మీద ఏదో ఒక దరువు వేస్తూనే ఉండేవి. పాతికేళ్ళు అలా గడిచాయి.

నిరుడు దసరా వెళ్ళిన కొత్తలో వీరయ్యకి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, కాలు కొంచెం కోలుకుంది, కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. డోలుకి ఒకవైపు పుల్లతో, రెండోవైపు తొడుగులు పెట్టుకున్న వేళ్ళతో వాయించాలి. వీరయ్య వేళ్ళ వైపు చెయ్యి అదే.

సన్నాయి చలపతి మేళం ఆపలేడు కదా. చింతలపూడి నుంచి ఒకాయన్ని పిలిపించుకుని కార్తీకంలో పెళ్ళిళ్ళు నెట్టుకొచ్చాడు. ఒకరోజు వీరయ్యని చూడడానికి వచ్చి, ఆయన్నే ఖాయం చేసుకుందామనుకుంటున్నానని మెల్లగా చెప్పాడు. వీరయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుర్గ కాఫీ గ్లాసు చలపతి చేతికిచ్చి, అక్కడే నిలబడింది.

"బాబాయ్ గారూ, డోలు నేను వాయిస్తానండి," అంది.

చలపతి ఆవిడ మొహం చూశాడు, వీరయ్య వీపు చూశాడు. వీపు ఏమీ చెప్పలేదు.

"ఊరేగింపుకి వాయిస్తావమ్మా, నాకు తెలుసు. చిన్నప్పుడు నీ చెయ్యి విన్నానుగా," అన్నాడు. "గట్టిమేళం సంగతేంటి?"

పెళ్ళిలో అసలు పరీక్ష అక్కడే. పెళ్ళికొడుకు తాళి కట్టబోతుండగా పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటాడు. ఆ చెయ్యి లేచిన క్షణం నుంచి మూడో ముడి పడేదాకా సన్నాయి, డోలు ఎంత వేగం పోగలవో అంత వేగం పోవాలి, ఎంత గట్టిగా మోగగలవో అంత గట్టిగా మోగాలి. ఒక తుమ్ము గాని, ఒక ఏడుపు గాని, నోరు జారిన ఒక పాడుమాట గాని ఆ సమయంలో పెళ్ళికూతురి చెవిన పడకూడదు. నడుమ డోలు జావగారిందంటే ఆ మేళాన్ని ఆ ఇంటివాళ్ళు మనవల పెళ్ళిళ్ళ దాకా తిడుతూనే ఉంటారు.

"వైశాఖంలో ఉంగుటూరులో ఒక పెళ్ళి ఒప్పుకున్నాను," అన్నాడు చలపతి లేస్తూ. "దానికి నువ్వు రామ్మా. బాగుంటే ఇక మన మేళానికి నువ్వే. తేడా వచ్చిందంటే చింతలపూడి ఆయన్ని ఖాయం చేసేసుకుంటాను. తర్వాత నన్ను తిట్టుకోకూడదు."

దుర్గకి భయం వేసింది. అంతకంటే ఎక్కువ సంతోషం కలిగింది. ఓణీ వేసుకున్న ఏడాది మూసుకున్న తలుపు ఇన్నాళ్ళకి కొంచెం తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంటే ఇక తెరుచుకోదని ఆవిడకి బాగా తెలుసు.

చలపతి వెళ్ళాక వీరయ్య గోడవైపు నుంచే మాట్లాడాడు. "డోలు తీసుకో. పట్టీ మాత్రం కొయ్యొద్దు. ముడేసుకో."

డోలుకున్న నవారు పట్టీ ఆయన తన పొడుగుకి సరిపడా కుట్టించుకున్నది. దుర్గ వేసుకుంటే డోలు మోకాళ్ళకి తగులుతుంది. ఎందుకు కొయ్యొద్దన్నాడో ఆవిడ అడగలేదు. చెయ్యి తిరిగి వస్తుందని ఆయన ఆశ. పట్టీకి పెద్ద ముడి వేసుకుంది. ఆ ముడి మెడ దగ్గర ఒత్తుకుంటే చిన్న తువ్వాలు మడిచి పెట్టుకుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. వాళ్ళింట్లో గట్టిమేళం డోలు మీద సాధన చెయ్యకూడదు. వీరయ్య తండ్రి కాలం నుంచి వస్తున్న కట్టుబాటు అది. ఎదురుగా తాళి ఉంటేనే ఆ దరువు డోలు మీద పలకాలి, ఉత్తప్పుడు పలికితే దానికి విలువ ఉండదని వాళ్ళ నమ్మకం. మిగతావన్నీ డోలు మీద వాయించుకోవచ్చు. కావలసిన ఆ ఒక్కటే వాయించకూడదు. వంట రాని కోడలికి పొయ్యి ముట్టుకోకుండా విందు చెయ్యమన్నట్టుంది వ్యవహారం.

దుర్గ షెడ్డు నుంచి ఒక గోనెసంచి తెచ్చింది. కాయలు మాగెయ్యడానికి వాడే వరిగడ్డి దాని నిండా కూరి, మూతి కుట్టేసింది. దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఒకవైపు పుల్లతో, ఒకవైపు వేళ్ళతో మొదలుపెట్టింది. చప్పుడు రాదు. దెబ్బ కొడితే చెయ్యి ఎగిరి లేవదు కూడా. డోలు తోలు దెబ్బని తిప్పి పంపుతుంది, గడ్డి మింగేస్తుంది. ప్రతి దెబ్బకీ చెయ్యి తనంతట తానే లేపుకోవాలి. రెండు రోజుల్లో మణికట్లు వాచిపోయాయి.

తాళం ఎవరు వెయ్యాలి? వీరయ్యే లేచి కూర్చున్నాడు. చిన్నప్పుడు వేసినట్టే తొడ మీద కుడిచేత్తో తాళం వెయ్యబోయాడు. చెయ్యి లేచింది. పడాల్సిన చోట పడలేదు. ఆలస్యంగా, ఎక్కడో పక్కన పడింది. మళ్ళీ ప్రయత్నించాడు. దుర్గ తల వంచుకుని ఆ తప్పు తాళానికే తన దరువు సర్దుకుని వాయించింది. అది కనిపెట్టలేనివాడు కాదు ఆయన. "నన్ను చూసి వాయించకు, చెడిపోతావ్," అని పడుకుండిపోయాడు.

అప్పుడు స్వాతి తల్లి ఫోనులో మెట్రోనోమ్ పెట్టింది. సమంగా టిక్, టిక్, టిక్ అంటుంది. నిమిషానికి ఎన్ని కావాలంటే అన్ని. నెమ్మదిగా మొదలుపెట్టి, దరువు శుభ్రంగా వచ్చాక ఒక మెట్టు పెంచుకుంటూ పోవాలని కాలేజీలో గిటారు వాయించే స్నేహితురాలు చెప్పిందట.

"ఇదేంటే, కుళాయి కారుతున్నట్టు?" అన్నాడు వీరయ్య.

"తాళం తాతయ్యా."

"మనిషి వెయ్యని తాళం తాళమెలా అవుతుంది? దానికి అలుపుందా, ఉత్సాహముందా?"

"అలుపు లేదు కాబట్టే పెట్టాను," అంది స్వాతి. తాత నోరు మూయించగలిగింది ఆ ఇంట్లో అదొక్కతే.

అరవైతో మొదలుపెట్టింది దుర్గ. పొద్దున షెడ్డుకి వెళ్ళేముందు కాసేపు, సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నంతసేపు. నాలుగు రోజులు గడిచేసరికి గోడ అవతల ఉండే బసవమ్మ కంగారుగా వచ్చింది.

"దుర్గా, మీ ఇంట్లో బల్లి పలుకుతోందమ్మా. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఏకధాటిగా పలుకుతోంది! ఏ దిక్కున పలుకుతోందో చూసుకున్నావా? నాన్నకి ఒంట్లో బాగోలేని సమయం, పంతులుగారిని అడిగి శాంతి చేయించు," అంది.

దుర్గ ఫోను చూపించి టిక్కు వినిపించింది. బసవమ్మ నమ్మలేదు. బల్లి పలుకులు ఫోనులోకి కూడా వచ్చేశాయా అని ముక్కున వేలేసుకుంది. పడకలో ఉన్న వీరయ్య చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన మెట్రోనోమ్‌ని బల్లి అనే పిలిచాడు. "అమ్మాయ్, బల్లిని మొదలుపెట్టు," అనేవాడు. పేరు పెట్టాక దాని మీద కోపం కొంచెం తగ్గింది.

మాఘం, ఫాల్గుణం ఇలా గడిచాయి. దుర్గ అరవై నుంచి ఎనభైకి, ఎనభై నుంచి వందకి పాకింది. చైత్రంలో షెడ్డు పని ఊపందుకుంది. పెళ్ళి దగ్గరికొస్తోందని ఆవిడకి తొందర పుట్టింది. రోజుకొక మెట్టు పెంచింది. షెడ్డులో కూడా ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని, టిక్కుకొక కాయ చొప్పున ట్రేలో సర్దడం మొదలుపెట్టింది. షావుకారు మురిసిపోయాడు. మూడో రోజు తొడిమలు విరిగిపోయి సొన కారి, ట్రేకి ట్రే కాయల మీద నల్లని చారలు పడ్డాయి. మెచ్చుకున్న నోటితోనే షావుకారు తిట్టాడు. ఆ తిట్లు విని ఇంటికొచ్చి కూడా దుర్గ ఆగలేదు. ఆ సాయంత్రం బల్లిని ఇంకో మెట్టు పెంచి, గడ్డిమూట మీద ఊపిరి బిగబట్టి వాయించింది. చేతులు కనపడనంత వేగం వచ్చింది. గర్వంగా తండ్రివైపు చూసింది.

వీరయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. గడ్డిలో మునిగిపోయే ఆ దెబ్బల్ని కూడా ఆయన చెవి ఏరుకుంటూనే ఉంది.

"ఇది కార్బైడు పెట్టి మాగేసిన స్పీడమ్మా," అన్నాడు. "పైకి పసుప్పచ్చగా ఉంది. కొరికితే పులుపు. నాలుగు దెబ్బలు పడాల్సిన చోట మూడున్నర పడుతున్నాయి. ఆ అర నువ్వు మింగేస్తున్నావు."

మామిడి ఊళ్ళో పుట్టి మామిడిలోనే పెరిగిన మనిషికి ఇంతకంటే పెద్ద తిట్టు ఉండదు. దుర్గకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పెళ్ళి ఇంకో నెల కూడా లేదు నాన్నా," అంది.

"అందుకే చెబుతున్నాను. బల్లిని అరవైకి దించు."

దించింది. ఆ దించడంలోనే ఈ మనిషి గొప్పతనమంతా ఉంది. పేరు కోసం ఎక్కేవాళ్ళు చాలామంది ఉంటారు. ఎక్కిన మెట్లన్నీ దిగి, ముహూర్తం ముంచుకొస్తుంటే మళ్ళీ మొదటి మెట్టు మీద కూర్చోవడానికి గుండె కావాలి. షెడ్డులో ఇయర్‌ఫోను తీసేసింది. తొడిమ విరగకుండా ఒక్కో కాయా రెండు చేతులతో సర్దింది. ఇంట్లో ఒక్కో దెబ్బా విడిగా వినపడేదాకా మెట్టు పెంచలేదు. వందకి మళ్ళీ వచ్చేసరికి ఆ వంద మునుపటి వందలా లేదు. దాన్ని దాటి పోతున్నా వేళ్ళు తొందరపడలేదు.

ఒకరోజు లారీ రాక షెడ్డులో పని మధ్యాహ్నమే ఆగిపోయింది. దుర్గ ఇంటికొచ్చేసరికి లోపలి నుంచి టిక్కు వినిపించింది. చాలా నెమ్మదిగా ఉంది, అంత నెమ్మది తను ఎప్పుడూ పెట్టుకోలేదు. గుమ్మం దగ్గరే ఆగి తొంగిచూసింది. వీరయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డిమూట ఒళ్ళో ఉంది. పక్కన స్వాతి పాత ఫోను మోగుతోంది. ఆయన కుడిచెయ్యి వణుకుతూ లేచి, ఆలస్యంగా పడుతోంది. మళ్ళీ ఆలస్యం. మళ్ళీ ఆలస్యం. ఒకసారి టిక్కుతో సరిగ్గా కలిసింది. ఆయన ఆగి, చేతిని తేరిపార చూసుకున్నాడు.

దుర్గ లోపలికి వెళ్ళలేదు. చప్పుడు చెయ్యకుండా పెరట్లోకి పోయి, పంపు దగ్గర మొహం కడుక్కునే వంకతో చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు దుఃఖం కాదు. తండ్రి మీద అంత ప్రేమ ఆవిడకి ఎప్పుడూ కలగలేదు.

వైశాఖం వచ్చింది. ఉంగుటూరు పెళ్ళికి తెల్లవారుజామునే బయల్దేరారు. మండపంలో డోలు ముందు చీర కట్టుకున్న మనిషి కూర్చునేసరికి ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. వీడియో అతను "కొంచెం పక్కకి జరుగుతారా అండీ, డోలాయన కూర్చుంటారు," అన్నాడు. పురోహితుడు కూడా కళ్ళజోడు సర్దుకుని, "డోలు ఎవరండీ?" అని అడిగాడు.

"మా అమ్మాయేనండి," అన్నాడు చలపతి. ఆ మాట అనడానికి తడుముకోలేదు.

దుర్గ ఇంటికి ఫోను కలిపి, చాప మీద తన పక్కన పెట్టుకుంది. అవతల తాత మంచం పక్కనే స్వాతి కూర్చుని ఉంది. వినిపించమని వీరయ్య అడగలేదు. వద్దని కూడా అనలేదు.

జీలకర్ర బెల్లం అయింది. తాళి పళ్ళెం అందరి చేతులకీ తాకి తిరిగొచ్చింది. పురోహితుడు చెయ్యెత్తాడు. "గట్టిమేళం, గట్టిమేళం!"

చలపతి సన్నాయి ఒక్కసారిగా లేచింది. దుర్గ చెయ్యి లేవలేదు. నెలల తరబడి ప్రతి దరువుకీ ముందు ఒక టిక్కు విని మొదలుపెట్టిన చెయ్యి, ఆ టిక్కు కోసం ఆగింది. రెప్పపాటే. ఆ రెప్పపాటులో దుర్గకి ప్రాణం పోయినంత పనైంది. మరుక్షణం డోలు భగ్గుమంది.

ఇన్నాళ్ళూ గడ్డి మింగేసిన దెబ్బలన్నీ ఒక్కసారి బయటికొచ్చినట్టయింది. తోలు మీద చెయ్యి తేలిపోయింది. మొదటి ముడి పడింది. రెండోది పడింది. మూడో ముడి దగ్గర పసుపుతాడు పెళ్ళికూతురి జడ పువ్వుల్లో చిక్కుకుంది. పెళ్ళికొడుకు వేళ్ళు చెమటకి జారిపోతున్నాయి. ఆడపడుచు వంగి సాయం పట్టింది. ముడి పడలేదు. పురోహితుడి చెయ్యి దిగలేదు. మేళం ఆగకూడదు. ఎదురు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకాయన మొహమంతా ముడుచుకుని తుమ్మాడు. తుమ్మడం అందరికీ కనిపించింది, ఎవరికీ వినిపించలేదు.

చలపతి ఊపిరి అయిపోవచ్చింది. సన్నాయి పెదవుల మీంచి తీసి గాలి పీల్చుకుంటూ భయంగా దుర్గవైపు చూశాడు. ఆ ఖాళీ ఎవరికీ తెలియనివ్వలేదు డోలు. నాలుగు పడాల్సిన చోట నాలుగూ పడ్డాయి, ప్రతిచోటా పడ్డాయి. ముడి పడింది. పురోహితుడు చెయ్యి దించాడు. దుర్గ ఆగింది. అక్షింతలు పడ్డాయి.

తిరుగుదారిలో చలపతి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గరికొచ్చాక, "బుధవారం ఇంకో పెళ్ళి ఉందమ్మా. తెల్లారేసరికి రెడీగా ఉండు," అన్నాడు. దుర్గ తల ఊపింది. ఆవిడ మనసు అప్పటికే ఇంట్లో ఉంది.

వీరయ్య మంచం మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. దుర్గ డోలు దించి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మొదట్లో బల్లి కోసం ఆగావు," అన్నాడు.

"ఆగాను నాన్నా."

"ఇక ఆగవులే. మూడో ముడి దగ్గర పెళ్ళికొడుకుకి ఏమైంది?"

చెప్పింది. పువ్వుల్లో తాడు చిక్కుకోవడం, ఆడపడుచు సాయం రావడం, అంతా చెప్పింది. చెప్పి, తన వాయింపు గురించి ఆయన ఏమంటాడోనని ఆగింది. ఆయన చలపతి ఎక్కడ ఊపిరి పీల్చుకున్నాడో మాత్రం చెప్పాడు. పెళ్ళికొడుకు మీద విసుక్కున్నాడు, ఈ కాలం పిల్లలకి ముడి వెయ్యడం కూడా రాదన్నాడు. వేలెత్తి చూపడానికి దుర్గ చేతిలో ఆయనకి ఆ ఒక్క రెప్పపాటు తప్ప ఇంకేమీ దొరకలేదని ఆవిడకి నెమ్మదిగా అర్థమైంది.

వీరయ్య వంగి కుడిచేత్తో డోలు పట్టీని తడిమాడు. చెయ్యి వణికింది గాని, ఈసారి చేరాల్సిన చోటికే చేరింది. ముడి దొరికాక దాన్ని వదల్లేదు.

"మెడ ఒరుసుకుపోయింది కదే," అన్నాడు. "ఈ ముడి తీసెయ్. నీ కొలతకి కోయించు."

"నీకు మళ్ళీ కావాలి కదా నాన్నా."

"నాకు ఆ గడ్డిమూట ఉందిగా. అప్పుడు ఓణీ వేసుకున్నావనే కదా మాన్పించాను. తప్పు చేశానమ్మా. కోయించు."

దుర్గ ఆయన చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

మర్నాడు షెడ్డుకి వెళ్తూ పట్టీని టైలరు బల్ల మీద పరిచింది. ఎక్కడ కొయ్యమంటారమ్మా అని అడిగాడు అతను. దుర్గ ముడి విప్పి, నలిగి మాసిపోయిన ఆ చోటు చూపించింది.